‘వద్దు’ అనేవారికీ ఒక కుర్చీ వేయండి: సీమలో ఆన్‌లైన్ ఓటు తలపెట్టిన మిత్రులకు బహిరంగ లేఖ

రాయలసీమ ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అన్న ప్రశ్నపై, ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా ప్రజల చేతనే ఆన్‌లైన్‌లో ఓటు వేయించాలని తలపెట్టిన మిత్రులకు,

నమస్కారాలు.

మీ కరపత్రం పోయిన వారం కర్నూలులో, కొండారెడ్డి బురుజు దగ్గర టీ అంగడిలో నా చేతికి వచ్చింది. అక్కడ ఒకసారి, ఇంటికి వచ్చి మరొకసారి చదివాను. ఇన్నేళ్లుగా ఎవరూ మనల్ని అడగని ప్రశ్నను మనమే అడుగుకుందామని, ప్రభుత్వం పెట్టని పోలింగ్‌ను ప్రజలే తమ ఫోన్లలో పెట్టుకుంటే అది స్వయంనిర్ణయాధికారానికి కొత్త దారి అవుతుందని, వేరే దేశాల్లో కొందరు ఇప్పటికే ఆ దారిన నడిచారని మీరు రాశారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ కాలంలో వచ్చిన దాదాపు ప్రతి ఎన్నికకూ పోలింగ్ విధికి వెళ్లాను, అందులో చాలాసార్లు ప్రిసైడింగ్ అధికారిగా. ప్రత్యేక రాష్ట్రం విషయంలో నా మొగ్గు మీ వైపే. కాబట్టి మిమ్మల్ని ఆపడానికి ఈ లేఖ రాయడం లేదు. మీరు ఓటు అని పిలుస్తున్నది నిజంగా ఓటు కావాలంటే ఏం ఉండాలో, అది లేకపోతే మన మాటకు ఉన్న కాస్త విలువ కూడా ఎట్లా పోతుందో చెప్పడానికి రాస్తున్నాను.

ముందుగా, మీ ఆవేదనలో నిజం ఉందని ఒప్పుకోవాలి. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీ వాళ్లకు దత్తం చేసినప్పుడు అడగలేదంటే అది రాజుల కాలం, సరే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు అక్కడ కూర్చున్నది పెద్దమనుషులు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, నీటి పథకాల్లో పదేళ్లపాటు సీమకు తొలి ప్రాధాన్యం, రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు సీమకే అన్న మాటలన్నీ ఆ పెద్దమనుషుల మధ్య మర్యాదగా రాసుకున్నవే తప్ప, వాటిని పత్తికొండలోనో పులివెందులలోనో జనం ముందు పెట్టి ఔనా కాదా అని అడిగినవారు లేరు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1 నాటికి అది హైదరాబాదుకు వెళ్లిపోయింది. రావడానికీ పోవడానికీ మన ఓటుతో పని పడలేదు. 2014లో సంగతి మీకు గుర్తే ఉంటుంది. జనవరి 30న రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది, ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది, ఆ సమయంలో సభా ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. టీవీ ముందు కూర్చున్న మనకు తెర మీద ఏమీ కనిపించలేదు.

ఈ దేశంలో ఒక ప్రాంతపు భవిష్యత్తును అక్కడి జనాన్ని నేరుగా అడిగిన సందర్భాలు లేకపోలేదు. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లో అడిగారు. 1,90,870 మంది ఓటు వేస్తే, వారిలో పాకిస్తాన్ అన్నవారు 91 మందే. 1967 జనవరి 16న గోవాలో, మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అని అడిగారు. విడిగా ఉంటామన్నవారు 1,72,191, కలుస్తామన్నవారు 1,38,170. నా దృష్టిలో గోవా లెక్కే మనకు పాఠం. జునాగఢ్ లెక్కలో ఓడినవాళ్లు కంటికి ఆనరు. గోవాలో ఓడినవాళ్లు లక్షకు పైగా ఉన్నారు, విలీనాన్ని కోరిన పార్టీయే అప్పటిదాకా అక్కడ ప్రభుత్వం నడిపింది, అయినా ఫలితం వచ్చాక దాన్ని ఒప్పుకుంది, ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో మళ్లీ గెలిచి అధికారంలోకి వచ్చింది. ఎందుకు ఒప్పుకోగలిగింది? ఆ పోలింగ్ కోసం పార్లమెంటు ముందే ఒక చట్టం చేసింది, ఓటర్ల జాబితా అందరికీ ఒకటే, పెట్టెల దగ్గర ఇరుపక్షాల మనుషులూ కూర్చున్నారు.

ఇక మీరు వాడిన పదం గురించి. జాతుల స్వయంనిర్ణయాధికారం అన్నది ఐక్యరాజ్యసమితి నిబంధనావళి మొదటి అధికరణంలోనే ఉన్న మాట, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో కూడా మొదటి అధికరణం అదే. 1979లో ఆ ఒడంబడికలో చేరినప్పుడు భారతదేశం ఒక ప్రకటన జతచేసింది: ఈ హక్కు పరాయి పాలనలో ఉన్న ప్రజలకు వర్తిస్తుంది తప్ప, సర్వసత్తాక దేశాలకు గానీ, ఒక దేశ ప్రజలలోని ఒక భాగానికి గానీ వర్తించదని. ఆ ప్రకటనను మెచ్చుకునేవాళ్లున్నారు, విమర్శించే దేశాలూ ఉన్నాయి. ఆ వాదంలోకి మనం దిగనవసరం లేదు, ఎందుకంటే మనం దేశం నుంచి పోతామనడం లేదు. మనం అడుగుతున్నది రాజ్యాంగం మూడవ అధికరణం కింద పార్లమెంటు మామూలు మెజారిటీతో చేయగలిగిన పని. ఆ అధికరణం ప్రకారం రాష్ట్రపతి బిల్లును సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయానికి పంపాలి, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదని సుప్రీంకోర్టు 1959 లోనే బాబూలాల్ పరాతే కేసులో చెప్పింది, 2014లో మనం కళ్లారా చూశాం. అంటే మన ముందున్న చట్టబద్ధమైన తలుపు ఒకటి తెరిచే ఉంది. మీరు ఆ తలుపు వదిలేసి ‘జాతి’ అన్న మాట ఎత్తుకుంటే, మీ లెక్క చూసేవాడు లెక్క చూడడు, మీ మీద దేశద్రోహం ముద్ర ఎట్లా వేయాలా అని చూస్తాడు. ఆ పదాన్ని కరపత్రంలోంచి తీసేయండి. దాని వెనక ఉన్న ఆలోచనను మాత్రం ఉంచుకోండి: మా బతుకు ఎట్లా ఉండాలో మమ్మల్ని కూడా అడగండి అన్న ఆలోచన.

ఇప్పుడు మీరు చూపిన ఉదాహరణలు. కరపత్రంలో ఇటలీలోని వెనెతో ప్రాంతం పేరు మొదట వచ్చింది. 2014 మార్చి 16 నుంచి 21 వరకు అక్కడ కొందరు పౌరులు స్వాతంత్ర్యంపై ఆన్‌లైన్ ఓటింగ్ నడిపి, 23 లక్షలకు పైగా మంది ఓటు వేశారనీ, అందులో 89 శాతం స్వాతంత్ర్యం కోరారనీ ప్రకటించారు. ప్రపంచమంతటా వార్త అయింది. ఆ తర్వాత ఇటలీ పత్రికలు ఆ వెబ్‌సైట్‌కు వచ్చిన రద్దీ అంచనాలను తిరగేసి, అన్ని ఓట్లు పడేంత రద్దీ అక్కడ లేదనీ, ఉన్న రద్దీలో కొంత దూరాన ఉన్న చిలీ దేశం నుంచి వచ్చిందనీ రాశాయి. నిర్వాహకులు తమ సంఖ్య నిజమన్నారు. ఎవరిది నిజమో తేల్చే ఆధారం బయటివారి చేతిలో లేదు. నేను లెక్కల మాస్టారిని, కాబట్టి నాకు ముందు కనిపించేది ఇదే: శాతం అంటే లవం ఒక్కటే కాదు, కింద హారం ఉండాలి. హారాన్ని ఎదుటివాడు లెక్కపెట్టుకోలేని భిన్నానికి విలువ లేదు. అదే వెనెతోలో ఆ తర్వాత జరిగింది మీ కరపత్రంలో లేదు. స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయం కోరే ప్రాంతీయ చట్టాన్ని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 2015లో కొట్టేసింది, స్వపరిపాలన పెంపుపై ప్రశ్నను మాత్రం అనుమతించింది. 2017 అక్టోబరు 22న ఆ ప్రశ్నపై అధికారికంగా పోలింగ్ పెడితే 57 శాతం మంది వచ్చి ఓటు వేశారు, అందులో 98 శాతం ఔనన్నారు. దానికి కేంద్రం కట్టుబడనక్కరలేదు, కానీ ఆ 57ను ఎవరూ కాదనలేకపోయారు.

స్పెయిన్‌లోని కాటలోనియా సంగతి వేరు, దాన్ని మీరు ఇంకొంచెం ఓపికగా చదవాల్సింది. 2009 సెప్టెంబరు 13న అరెన్స్ ద మున్త్ అనే చిన్న ఊళ్లో పౌరులే అనధికార పోలింగ్ పెట్టారు. ఫోన్లు కాదు, పెట్టెలు, కాగితాలు, ఊరి వలంటీర్లు. ఓటు వేసినవారు 2,671 మంది, అంటే ఊరి ఓటర్లలో దాదాపు 41 శాతం. వారిలో 96 శాతం స్వాతంత్ర్యానికి ఔనన్నారు. చూడండి, ఎంతమంది రాలేదో కూడా వాళ్లే చెప్పారు. ఆ 41 అన్న అంకె చిన్నదైనా నమ్మదగినది కాబట్టి, తర్వాత ఏడాదిన్నరలో ఐదు వందలకు పైగా ఊళ్లు అదే పద్ధతిని ఎత్తుకున్నాయి, 2011 ఏప్రిల్‌లో బార్సిలోనా దాకా వచ్చింది. ఊరూరా పుట్టిన ఆ ఒత్తిడే 2014 నవంబరు 9 నాటి ప్రాంతవ్యాప్త సంప్రదింపునకు దారితీసింది, అందులో 23 లక్షల మంది పాల్గొన్నారు. 2017 అక్టోబరు 1 నాటికి కథ అడ్డం తిరిగింది. కోర్టు వద్దన్న పోలింగ్, పోలీసు లాఠీలు, ఇంట్లోనే ఉండిపోయిన వ్యతిరేకులు. 43 శాతం పోలింగ్‌లో 90 శాతం ఔను. నాయకులు జైలు పాలయ్యారు, మాడ్రిడ్ నేరుగా పాలన చేతిలోకి తీసుకుంది. 90 శాతం అన్నది గొప్ప గెలుపు లాగా వినిపిస్తుంది గానీ, అసలు చెప్పేది వద్దనేవారు రాలేదని.

హాంకాంగ్‌ను గురించి మీరు రాసిన వాక్యం ఒక్కటే అయినా అది నిజమే. 2014 జూన్‌లో పది రోజుల పాటు, విశ్వవిద్యాలయ అభిప్రాయ సేకరణ విభాగం చేతుల మీదుగా జరిగిన పౌర ఓటింగ్‌లో దాదాపు 7 లక్షల 90 వేల మంది పాల్గొన్నారు. ఆ వ్యవస్థ మీద పెద్ద ఎత్తున సైబర్ దాడి జరిగితే గడువు పొడిగించి, ఊళ్లో పోలింగ్ కేంద్రాలు కూడా తెరిచారు. అయితే వాళ్లు అడిగింది స్వాతంత్ర్యం కాదు, తమ పాలనాధిపతిని ఎన్నుకునే పద్ధతిని. గుర్తింపు సంఖ్య, ఫోను నంబరు రెండూ సరిచూసి ఓటు తీసుకున్నారు. ఇంత జాగ్రత్తగా చేసినా, ఆగస్టు 31న బీజింగ్ ఇచ్చిన నిర్ణయంలో ఆ ఓటు ఊసే లేదు. లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన వినేవాడు వింటాడని భరోసా లేదు. మరి లెక్క ఎందుకంటారా? వినకపోతే తప్పు ఎవరిదో అందరికీ కనిపించడానికి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మీ జాబితాలో లేదు. 1905లో నార్వే, స్వీడన్‌తో ఉన్న కలయికను తెంచుకుంది. ఆగస్టు 13న పెట్టిన పోలింగ్‌లో 3,68,208 మంది విడిపోదామన్నారు, 184 మంది వద్దన్నారు. అందరూ మగవాళ్లే, ఎందుకంటే ఆడవాళ్లకు అప్పుడు ఆ ఓటు లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదని ఆడవాళ్లు ఇంట్లో కూర్చోలేదు. ఊరూరా తిరిగి రెండున్నర లక్షలకు దగ్గరగా సంతకాలు సేకరించి పార్లమెంటుకు ఇచ్చారు. వాళ్లు దాన్ని ఓటు అనలేదు. సంతకాలు అన్నారు, పేరు పేరునా, ఇంటి పేరుతో సహా. అధికారం లేనివారు అధికారం ఉన్నట్లు నటించకుండా, తమ చేతిలో ఉన్నదానిని ఉన్నది ఉన్నట్లుగా లెక్కకట్టి ముందు పెట్టిన పని అది. రెండేళ్లకే, 1907లో, వాళ్లలో కొందరికి పార్లమెంటు ఓటు వచ్చింది, 1913లో అందరికీ వచ్చింది. అదే తరహాలో 1917లో ఫిన్లాండ్ అంచున ఉన్న ఓలాండ్ దీవుల వాళ్లు తమను స్వీడన్‌లో కలపమని సంతకాలు పెట్టారు. దీవుల్లోని పెద్దల్లో మెజారిటీ పెట్టిన సంతకాలవి. 1921లో నానాజాతి సమితి వాళ్లు అడిగింది ఇవ్వలేదు, దీవులు ఫిన్లాండ్‌కే అంది. కానీ వాళ్ల భాషకూ భూమికీ స్వపరిపాలనకూ గట్టి హామీలు ఇప్పించింది, అవి నూరేళ్ల తర్వాత నేటికీ నడుస్తున్నాయి. శ్రీబాగ్ హామీలు పట్టుమని ఇరవై ఏళ్లు కూడా నిలవని చోట కూర్చుని ఇది చదువుతుంటే మనసుకు ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు నాకు తెలిసిన చోటికి, అంటే పోలింగ్ కేంద్రం లోపలికి, మిమ్మల్ని తీసుకెళ్తాను. ఉదయం ఓట్లు మొదలవ్వక ముందు మేము మాక్ పోల్ పెడతాం, ఏజెంట్ల ఎదుట కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూపించి, దాన్ని చెరిపేసి, అప్పుడు సీలు వేస్తాం. ఓటరు వచ్చి 17-ఎ రిజిస్టరులో సంతకమో వేలిముద్రో పెడతాడు. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో 17-సి ఫారంలో రాసి ప్రతి ఏజెంటుకూ నకలు ఇస్తాం. లోపలికి వచ్చిన మనిషి తాను చెప్పిన మనిషి కాదని ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి ఆక్షేపించవచ్చు. అప్పుడు నేను విచారించాలి. ఆక్షేపణ ఊరికే చేసినదని తేలితే ఆ రెండు రూపాయలు జప్తు. రెండు రూపాయలు ఏముందని మీరు నవ్వవచ్చు. నాకు మాత్రం ఈ దేశపు ఎన్నికల చట్టంలో అంతకన్నా తెలివైన వాక్యం కనబడలేదు: అనుమానించే హక్కు అందరికీ ఉంది, కానీ అనుమానానికి కూడా ఒక రశీదు ఉండాలి.

ఆదోని వైపు ఒక పల్లెలో, చాలా ఏళ్ల కిందట, ఒక ముసలమ్మ మధ్యాహ్నం ఎండలో వచ్చింది. జాబితాలో ఆమె పేరు పక్కన అప్పటికే టిక్కు పడి ఉంది. ఎవరో ఉదయమే ఆమె ఓటు వేసి వెళ్లారు, మా గదిలోనే, మా కళ్ల ముందే. ఆ తప్పు నాది కూడా. నేను ఆమెకు టెండర్డ్ ఓటు కింద కాగితపు బ్యాలెట్ ఇచ్చి, విడిగా కవరులో పెట్టి సీలు వేశాను. ఆ ఓటు మామూలు లెక్కలోకి రాదని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కానీ మోసం జరిగిందన్న సాక్ష్యం ఆ కవరులో మిగిలింది. మీ యాప్‌లో ఆ ముసలమ్మ ఎక్కడికి వస్తుంది? ఆమె పేరు మీద ఓటు ముందే పడిపోయి ఉంటే, ఎవరి ముందు నిలబడి నా ఓటు ఎవరో వేశారు నాయనా అంటుంది?

ఆన్‌లైన్ ఓటింగ్ అనగానే అందరూ ఎస్తోనియా పేరు చెబుతారు, మీరూ చెప్పారు. అక్కడ 2005లో స్థానిక ఎన్నికలతో మొదలై, 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్ మీదే పడ్డాయి. కానీ అక్కడ ప్రతి పౌరుడికీ ప్రభుత్వం ఇచ్చిన చిప్ కార్డు ఉంది, దానితో డిజిటల్ సంతకం. ఒకసారి వేసిన ఓటును గడువులోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. వెళ్లి కాగితపు ఓటు వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దు. ఎవరైనా మెడ మీద చేయి వేసి ఓటు వేయించినా, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు మార్చుకోవడానికి ఆ ఏర్పాటు. ఇంత ఉన్నా 2023లో ఓడిన ఒక పార్టీ ఆన్‌లైన్ ఓట్లను కోర్టులో సవాలు చేసింది, కోర్టు తోసిపుచ్చింది. మీ దగ్గర ఉన్నది చిప్ కార్డు కాదు, ఓటీపీ. ఓటీపీ మనిషిని గుర్తించదు, సిమ్ కార్డును గుర్తిస్తుంది. కోసిగిలో, కౌతాళంలో ఇంటికి ఒక ఫోను ఉంటుంది, అది కొడుకు చేతిలో ఉంటుంది. అమ్మ ఓటు, అక్క ఓటు, నాయన ఓటు ఆ ఒక్క చేతి వేలు వేస్తుంది. ఆధార్ అడుగుదామనుకుంటే, ప్రైవేటువారు దాన్ని వాడుకోవడానికి వీలిచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. అదీగాక, ఎవరు ఏమని ఓటు వేశారో పక్కన ఆధార్ సంఖ్యతో సహా మీ సర్వర్‌లో ఉంటే, ఆ జాబితా రేపు ఎవరి చేతిలో పడుతుందో మీరు మాత్రం హామీ ఇవ్వగలరా? పింఛను వచ్చే ముసలివాళ్లకూ, ఇంటిస్థలం కోసం ఎదురుచూసేవాళ్లకూ ఆ భయం చాలా నిజమైనది.

ఇక హారం. సీమ ఓటరు ఎవరు? మీ కరపత్రం నాలుగు పాత జిల్లాలు అంటుంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట వాళ్లు నిన్నటిదాకా నెల్లూరు వాళ్లు. 1970 దాకా మన కర్నూలు జిల్లాలోనే ఉండి ప్రకాశంలోకి వెళ్లిన మార్కాపురం, గిద్దలూరు వాళ్లలో మాదీ సీమే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. 1953లో మైసూరుకు పోయిన బళ్లారి మాటేమిటి? ఆ విభజనలోనే ఆదోని, ఆలూరు, రాయదుర్గం మన వైపు వచ్చాయి. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్ వెళ్లిన వేలమంది ఉన్నారు. వాళ్ల ఇంటర్నెట్ మన పల్లెల కన్నా బాగుంటుంది, ఆన్‌లైన్‌లో వాళ్లే ముందు ఓటు వేస్తారు. అదే సమయంలో మంత్రాలయం, కోసిగి వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వెళ్లి గుడిసెల్లో ఉంటాయి. వాళ్లకు చార్జింగ్ పెట్టుకునే చోటు ఉండదు. వలస వెళ్లిన ఇద్దరిలో ఒకరి గొంతు పది రెట్లు, ఒకరి గొంతు సున్నా. ఈ ప్రశ్నలకు ఏ సమాధానమైనా పెట్టుకోండి, కానీ ఓటింగ్‌కు ముందు రాసి ప్రకటించండి. ఫలితం వచ్చాక చెప్పే సమాధానానికి సాకు అని పేరు.

నా సూచన ఏమిటంటే, యాప్‌ను పూర్తిగా మానేయనక్కరలేదు, దాన్ని వెనక్కి నెట్టి ఊరిని ముందుకు తీసుకురండి. ఎన్నికల సంఘం ప్రచురించే ఓటర్ల జాబితా భాగాల వారీగా అందరికీ దొరుకుతుంది. దాన్నే మీ హారంగా పెట్టుకుంటే, ఒక పోలింగ్ కేంద్రంలో 900 మంది ఉంటే 310 మంది వచ్చారని చెప్పగలరు, రాని 590 గురించి కూడా నిజాయితీగా చెప్పగలరు. కరపత్రంలో మీరు నిర్దేశించిన ప్రశ్నలో సీమకు జరిగిన ద్రోహాన్ని సరిదిద్దడానికి అన్న మాట ఉంది. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే అది ప్రశ్న కాదు, నినాదం. ప్రత్యేక రాష్ట్రం, ఉన్న రాష్ట్రంలోనే శ్రీబాగ్ హామీలకు చట్టబద్ధత, ఇప్పుడున్నట్లే ఉండడం అని మూడు వరుసలు పెట్టండి. గోవా వాళ్లకు రెండే ఇచ్చారు, మనకు మూడు కావాలి, ఎందుకంటే మన పల్లెల్లో నేను మాట్లాడినవారిలో చాలామంది రెండోదాని దగ్గర ఆగుతున్నారు. అది మనకు నచ్చినా నచ్చకపోయినా లెక్కలోకి రావాలి.

పద్ధతి కోసం ఎస్తోనియా దాకా పోనక్కరలేదు, మన అనంతపురం జిల్లాలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది. ఆ వెంటనే ఆ జిల్లాలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టరు రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, తెచ్చి, ఊరి మధ్య కూర్చుని, పేరు చదివి, ఫలానా నరసింహులు ఇన్ని రోజులు పని చేశావంట, డబ్బు ముట్టిందా అని అడిగితే, నేను ఆ నెల ఊళ్లోనే లేను సారూ అని అతను లేచి చెప్పిన రోజున, కంప్యూటరు పట్టుకోలేని దొంగతనం దొరికింది. చదువు లేని మనిషి కూడా తన పేరు పక్కన ఉన్న అంకెను తప్పు పట్టగలిగిన పద్ధతి అది. ఒడిశాలోని నియమగిరిలో కూడా, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినందువల్ల, పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గనిపై తమ నిర్ణయం చెప్పాయి, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి, కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది. అక్కడ గ్రామసభకు చట్టం చెవి ఇచ్చింది. మనకు ఆ చెవి ఇంకా లేదు, కనీసం నోరైనా స్పష్టంగా ఉండాలి. 2016 మే 31న, కృష్ణ మీద కట్టాలని సీమ రైతులు కోరిన సిద్ధేశ్వరం అలుగుకు ప్రజలే శంకుస్థాపన చేయడానికి బయలుదేరినప్పుడు, దారిలో ఎన్ని అడ్డంకులు పెట్టినా వేలమంది కృష్ణ ఒడ్డుకు చేరారు. ఆ రాయి వేసినందువల్ల అలుగు కట్టినట్లు కాదని వేసిన ప్రతి రైతుకూ తెలుసు. ఆ రాయికి ఉన్న నిజాయితీ మీ ఓటుకూ ఉండాలి.

ఫలితం ఎవరికి ఇస్తారన్నది మీ కరపత్రంలో లేదు. ఐక్యరాజ్యసమితికి పంపుతామన్న పంక్తి ఒకటుంది. దాన్ని కొట్టేయండి, అక్కడ దాన్ని తెరిచే అధికారి ఉండడు. మన ప్రాంతపు శాసనసభ్యులకూ, లోక్‌సభ సభ్యులకూ పోలింగ్ కేంద్రాల వారీ లెక్కతో, రాని వారి సంఖ్యతో, ఆక్షేపణల రిజిస్టరుతో ఇవ్వండి. కెనడా సుప్రీంకోర్టు 1998లో, ఆ దేశం నుంచి విడిపోవాలన్న వాదం ఉన్న క్విబెక్ రాష్ట్రం విషయంలో ఒక మంచి మాట చెప్పింది: స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే విడిపోయే హక్కు దానంతట అది రాదు, కానీ మిగతావారికి చర్చలకు కూర్చునే బాధ్యత వస్తుంది. స్కాట్లాండ్‌లో 2014 సెప్టెంబరులో, బ్రిటన్ నుంచి విడిపోవాలా అన్న ప్రశ్నపై 84.6 శాతం మంది ఓటు వేసి, 55.3 శాతం వద్దన్నప్పుడు, ఓడిన 44.7 శాతం తెల్లవారి పనులకు వెళ్లిపోయారంటే, రెండేళ్ల ముందే ఎడిన్‌బరోలో రెండు ప్రభుత్వాలూ నిబంధనల మీద సంతకం పెట్టుకున్నందువల్లే. మీ ఓటుకు అట్లాంటి సంతకం లేదు. అందువల్ల మీకు వచ్చేది తీర్పు కాదు, అర్జీ. కానీ ఊరూరా పేరు పేరునా లెక్క తేలిన అర్జీ ఈ ప్రాంతం నుంచి ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ వెళ్లినట్లు నేను చూడలేదు.

చివరగా ఒక మనవి. కర్నూలులో మీరు పెట్టే మొదటి బల్ల దగ్గర, వద్దు అనే పక్షానికి ఏజెంటుగా కూర్చోవడానికి ఎవరూ రారని మీరు అనుకుంటూ ఉండవచ్చు, రాకపోతే కుర్చీ తీసేద్దామనీ అనుకోవచ్చు. ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. నా ఓటు ఔనుకే వేస్తాను, కానీ ఆ రోజంతా వద్దనేవారి తరఫున జాబితా పట్టుకుని, వచ్చిన ప్రతివారి పేరూ ముఖమూ చూస్తాను. అనుమానం వచ్చిన చోట లేచి ఆక్షేపిస్తాను. రశీదు పుస్తకం మీరు తెచ్చుకోండి, రెండు రూపాయల బిళ్లలు నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
కర్నూలు